బండి అతనికి అడ్వాన్స్ ఇస్తే కిరాయి తగ్గినట్టేనా?

ప్రశ్న: మాది అనకాపల్లి. నేనూ మా ఆయనా బెల్లం కొని విశాఖపట్నం కొట్లకు వేస్తాం. నెలకు 16 ట్రిప్పులు, టాటా ఏస్ కిరాయి ట్రిప్పుకు 2,200. ఆరేళ్లుగా వస్తున్న బండి అతను టైర్లకు, పాత బాకీలకు, ఇన్సూరెన్స్ రెన్యువల్‌కు కలిపి 1.5 లక్షల అడ్వాన్స్ అడుగుతున్నాడు. అది తీరేదాకా ట్రిప్పుకు 1,900 ఇస్తే చాలంటున్నాడు. బ్యాంకులో 90,000 ఉన్నాయి. మిగతా 60,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాం. ఇవ్వొచ్చా? లేక ఫైనాన్స్‌లో సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కోమంటారా? ఇంటి ఖర్చు నెలకు 28,000.

జవాబు: ఇవ్వొద్దమ్మా. సరుకు పంపించుకునే చిన్న వ్యాపారులు చాలామంది ఈ లెక్క దగ్గరే పొరపడుతున్నారు, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను. ట్రిప్పుకు 300 మిగులుతుందని మీరు అనుకుంటున్నారు. ఒక్క రూపాయి కూడా మిగలదు. మీరిచ్చిన డబ్బే వాయిదాల్లో మీకు తిరిగొస్తోంది. నెలకు 4,800 చొప్పున 1.5 లక్షలు రావాలంటే 31 నెలలు దాటుతుంది. ఈలోగా 60,000 మీద నెలనెలా 1,200 వడ్డీ మీ చేతి నుంచే పోతుంది. ఏడాదికి 24 శాతానికి తెచ్చి వడ్డీ లేకుండా ఇంకొకరికి ఇవ్వడమేమిటి? ఇలాంటి అప్పు ఆలోచన వింటేనే నాకు కోపం వస్తుంది.

మనిషి మంచివాడే కావచ్చు. కానీ ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఉందేమో చూశారా? ఉంటే, వాయిదాలు తప్పిన రోజు బండి వాళ్లు పట్టుకెళ్తారు. మీ అడ్వాన్స్‌కు హామీగా ఏమీ మిగలదు.

అన్నిటికన్నా నన్ను కంగారు పెట్టింది ఆ 90,000. అది మీ ఇంటికి మూడు నెలల తిండి. మీ వ్యాపారంలో సరుకు ఇవాళ పోతుంది, కొట్ల నుంచి డబ్బు ఎప్పటికో వస్తుంది. బండి కిరాయి మాత్రం ఆ రోజే ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు పది రోజులు మంచాన పడితే ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ ఆ రెండు రూపాయల వడ్డీకేగా! అందుకే మీలాంటివాళ్లకు ఆరు నెలల ఇంటి ఖర్చుతో పాటు ఒక నెల కిరాయి కూడా పక్కన ఉండాలంటాను. 1,68,000కు 35,200 కలిపితే 2,03,200. మీ దగ్గర అందులో సగం కూడా లేదు. ముందు అది నింపండి, వేరే ఖాతాలో పెట్టండి, ఎవరడిగినా కదపకండి. బండి అతనికి ఇలాంటి నిధి లేకపోబట్టే ఇవాళ మీ ముందు నిలబడ్డాడు. అతని ఇబ్బందిని మీ ఇంటికి తెచ్చుకోకండి.

తరువాతి ట్రిప్పుకు ముందే ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో చూడండి. ఇన్సూరెన్స్ లేని బండిలో దిమ్మ కూడా ఎక్కించకండి. రోడ్డు మీద ఆపితే మీ బెల్లమూ ఆగిపోతుంది. ఉన్నా సరే, థర్డ్ పార్టీ పాలసీ మీ సరుకుకు పైసా ఇవ్వదు. దానికి మీ పేరున ట్రాన్సిట్ పాలసీ, అంటే దారిలో సరుకుకు జరిగే నష్టానికి చేసే బీమా, ఉండాలి. తడిస్తే ఇస్తారా లేదా అన్నది తీసుకునే ముందే అడగండి. వానాకాలంలో లోడ్ చేసేముందు టార్పాలిన్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి. వేలు దూరేంత చిల్లు చాలు, కింద ఉన్న దిమ్మ నీరుకారిపోవడానికి.

సొంత బండి ఇప్పుడొద్దు. 16 ట్రిప్పుల కోసం డ్రైవర్ జీతం, ఫిట్‌నెస్, టైర్లు, ఈఎంఐ మోయలేరు.

అతనికి సాయం చేయాలనిపిస్తే ఒక వారం కిరాయి, నాలుగు ట్రిప్పుల డబ్బు 8,800 ముందుగా ఇవ్వండి. నెలలోపు చెల్లు వేసుకునేలా కాగితం రాసుకుని సంతకం పెట్టించండి. అది కూడా ఈ నెల వసూళ్లలోంచే, ఆ 90,000 ముట్టకుండా. ఈ వారమే ఇంకో బండి అతన్ని మాట్లాడుకుని, నెలకు నాలుగు ట్రిప్పులైనా అతనికి ఇవ్వండి.