పాప ఇంకా పది దాటలేదు, అప్పుడే అప్పు రాయించుకోకండి

ప్రశ్న: మాది ఆదోని. మా ఆయన పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఇద్దరిదీ కలిపి సీజన్‌లో నెలకు 25 వేలు వస్తాయి, ఎండాకాలంలో 15 వేలు కూడా రావు. పాప జడ్పీ హైస్కూల్లో పది చదువుతోంది. 600కి 540 దాకా తెచ్చుకుంటోంది, ఇంజనీరింగ్ చదవాలంటుంది. బాబు ఏడో తరగతి. మా రెండు వైపులా కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో రెండుసార్లు ఇంటికొచ్చాడు. ఇంటర్‌కు హాస్టల్‌తో కలిపి ఏడాదికి 1,60,000 అట. ఇప్పుడే 10 వేలు కట్టి సీటు పెట్టుకోమంటున్నాడు. నా దగ్గర నాలుగు తులాల బంగారం ఉంది. 50 వేల చీటీ ఒకటి నెలకు 2,500 చొప్పున కడుతున్నాను, ఇంకా 11 నెలలుంది. తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ అప్పూ వద్దు, ఆ 10 వేల బుకింగూ ఇప్పుడు వద్దు. ఎందుకు వద్దంటున్నానో ముందు లెక్క చూడండి.

రెండు రూపాయలంటే నూటికి ఏడాదికి 24. ఈ జూన్‌లో 1,60,000 తెస్తే నెలకు 3,200 వడ్డీ. వచ్చే జూన్‌లో రెండో ఏడాది ఫీజుకు ఇంకో 1,60,000 తెస్తే అక్కణ్నుంచి నెలకు 6,400. పాప ఇంటర్ పూర్తయ్యేసరికి మీరు కట్టిన వడ్డీయే 1,15,200 అవుతుంది. అసలు 3,20,000లో ఒక్క రూపాయి తీరదు. మే నెలలో ఇంటికి వచ్చేదే 15 వేల లోపు, అందులో 6,400 వడ్డీకి పోతే మిగిలినదాంతో బియ్యం, కరెంటు, బాడుగ గడవవు. ముందు చీటీ ఆగిపోతుంది. తర్వాత గుంటూరు వైపు మిరపకాయ కోతలకు సుగ్గికి, అంటే వలస పోవాల్సి వస్తుంది. మీరు సుగ్గికి పోతే బాబు బడి మానేస్తాడు. ఆదోని, కోసిగి పక్క ఎన్నో ఇళ్లలో జరిగేది ఇదే వరుసలో జరుగుతుంది.

చదువు ఇంటికి కొత్త అయినచోట, ఉన్న డబ్బంతా మొదటి మెట్టు మీదే పెట్టేస్తారు. ఇంటర్ రెండేళ్లే, ఆ తర్వాత ఇంజనీరింగ్ నాలుగేళ్లుంది. నిజంగా చేతిలో డబ్బు ఉండాల్సింది ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో. ఎందుకో కింద చెబుతాను. ఇంటర్‌ను ఎంత తక్కువలో దాటిస్తే అంత మంచిది. 540 తెచ్చుకునే పిల్లకు తక్కువ ఖర్చు దారులు లేకపోలేదు.

మొదటిది ట్రిపుల్ ఐటీ, అంటే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో పెట్టింది. మన సీమలో ఉన్నది కడప జిల్లా ఇడుపులపాయ ఆర్కే వ్యాలీ క్యాంపస్. పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు, ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల ఇంజనీరింగ్ ఒకేచోట అయిపోతాయి, వసతి కూడా అక్కడే. ప్రభుత్వ బడిలో ఇంటి నుంచి వెళ్లి చదివిన పిల్లలకు మార్కులకు 4 శాతం కలుపుతారు. మీ పాప జడ్పీ స్కూల్ కాబట్టి ఆ లాభం ఆమెకు ఉంది. ఫీజు పీయూసీకి ఏడాదికి 45 వేలు, ఇంజనీరింగ్‌కు 50 వేలు. ఈ ఏడాది నోటిఫికేషన్‌లో అంకె మారిందేమో చూసుకోండి. పీయూసీ ఫీజు మొత్తం మీరే కట్టాల్సి వచ్చినా రెండేళ్లకు 90 వేలు, పీఆర్వో చెప్పిన 3,20,000 ఎక్కడ! 540తో సీటు ఖాయమని మాత్రం అనుకోవద్దు, పోటీ గట్టిది. ఈ మూడు నెలల్లో ఇంకో 20, 30 మార్కులు పెరిగితే పరిస్థితి మారుతుంది. ఆ 10 వేలు బుకింగ్‌కు కట్టే బదులు, బలహీనంగా ఉన్న సబ్జెక్టుకు దగ్గర్లో ఒక మంచి ట్యూషన్ పెట్టించండి. మూడు నెలలకు నాలుగైదు వేలు దాటదు.

రెండోది ఏపీఆర్‌జేసీ, ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు. ప్రవేశ పరీక్ష రాయాలి, సీటొస్తే చదువు, తిండి, పడక అన్నీ అక్కడే. దరఖాస్తు పది పరీక్షలు నడిచే రోజుల్లోనే వచ్చి పోతుంది, చాలామందికి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. హెడ్మాస్టర్‌ను జనవరి నుంచే అడుగుతూ ఉండండి. దీంతోపాటు పాలిటెక్నిక్ డిప్లొమా ప్రవేశ పరీక్ష పాలీసెట్ కూడా రాయించండి. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరతారు, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ఏడాదికి 5 వేల లోపే.

ఇవేవీ కాకపోతే మీ ఊళ్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ. పేరు వినగానే మొహం చిట్లించకండి. పుస్తకాలు ఉచితం, 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. అక్కడ లోటు ఎక్కడంటే, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కు కావాల్సిన లెక్కల సాధన తక్కువ. ర్యాంకులో ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. అందుకే రెండో ఏడాది పరీక్షలయ్యాక మే దాకా కర్నూలులో షార్ట్ టర్మ్ కోచింగ్‌కు 20, 25 వేలు పక్కన పెట్టుకోండి. ఆ రెండు నెలల కోచింగ్, రెండేళ్ల కార్పొరేట్ హాస్టల్ ఖర్చులో పదో వంతు కూడా కాదు.

ఇక ఇంటర్ ఖర్చుకు వేరే డబ్బు వెతకనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు ఏడాదికి 13 వేలు తల్లి ఖాతాలో పడుతోంది, ఇంటర్ పిల్లలకు కూడా. పాప రెండేళ్ల డబ్బు 26 వేలు. దాంట్లోనే బస్ పాస్, పరీక్ష ఫీజులు, నోటుబుక్కులు సర్దుకోండి. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోవాలి.

ఈ డబ్బు ఆగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గరే. మీకు జన్‌ధన్ ఖాతా ఒకటి, డ్వాక్రా పొదుపు కోసం ఇంకొకటి ఉండొచ్చు. మీరు ఫారంలో రాసిన ఖాతాకు డబ్బు రాదు, ఆధార్‌కు చివరిగా ఏ ఖాతా లింకయిందో దానికి వస్తుంది. బ్యాంకుకు వెళ్లి 'మా ఆధార్‌కు ఎన్‌పీసీఐలో ఏ ఖాతా ఉంది' అని ఆ మాటనే అడగండి. పాప పేరు మీద కూడా ఖాతా తెరిచి అదే పని చేయించండి. ఇంకొకటి, ఈ వారమే స్కూలుకు వెళ్లి పది పరీక్షల నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, పాప పేరు చూసిరండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, మెమోలో పూర్తిగా ఉంటే, లేదా పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా ఉంటే, రేపు స్కాలర్‌షిప్ దరఖాస్తు పక్కకు పడిపోతుంది. హాల్ టికెట్ రాకముందు దిద్దడానికి పది నిమిషాలు, మెమో వచ్చాక దిద్దడానికి నెలలు. ఆరో తరగతి నుంచి ప్రతి ఏటి స్టడీ సర్టిఫికెట్, క్యాస్ట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టి, ఒక్కోదానికి మూడు జిరాక్సులు తీసి ఉంచండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్థానికత తేలేది ఆ స్టడీ సర్టిఫికెట్లతోనే. ఆదోనికి కర్ణాటకలోని బళ్లారి దగ్గరే కదా అని ఇంటర్ అక్కడ చేర్పించే ముందు ఆ సంగతి ఆలోచించండి.

ఇన్‌కమ్ సర్టిఫికెట్ గురించి ఒక్కమాట. కాలేజీ ఫీజును ప్రభుత్వం భరించే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి. ఆరు నెలలు 25 వేలు, ఆరు నెలలు 15 వేలు వేసుకున్నా మీది 2,40,000 అవుతుంది. గీతకు ఇవతలే ఉన్నారు. సచివాలయంలో అడిగినప్పుడు సీజన్ నెలను 12తో హెచ్చించి 3 లక్షలని చెప్పకండి, ఏడాది మొత్తం ఎంతో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి ఏడాది సంగతి. రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా, ఖర్చేముంది అనుకుంటారు. వస్తుంది, కానీ విడతలుగా, ఆలస్యంగా. ప్రభుత్వం విడుదల చేయని నెలల్లో కాలేజీ మీ మీద పడుతుంది, పరీక్ష ఫీజు కట్టేటప్పుడో హాల్ టికెట్ ఇచ్చేటప్పుడో 'ముందు మీరు కట్టండి, డబ్బు వచ్చాక ఇస్తాం' అంటారు. ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో కూడా ఫీజు చాలాచోట్ల 40 వేల పైచిలుకు ఉంటుంది. చేతిలో ఏమీ లేని ఇల్లు ఆ వారంలోనే రెండు రూపాయల వడ్డీకి వెళ్లేది. అందుకే ఆ రోజుకు లక్ష రూపాయలు సిద్ధంగా ఉండాలంటాను. హాస్టల్ అడ్వాన్సు, మెస్ డిపాజిట్, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కూడా అదే సీజన్‌లో వచ్చిపడతాయి.

ఆ లక్ష మీ దగ్గర ఉన్నదాంతోనే తయారవుతుంది. చీటీ వచ్చే నవంబర్‌కు అయిపోతుంది. పాటలో ఏడెనిమిది వేలు వదులుకుని ముందే ఎత్తకండి, చివరిదాకా ఉంటే దాదాపు 50 వేలు చేతికొస్తాయి. వాటిని ఎఫ్‌డీలో వేయండి. చీటీకి కట్టడం అలవాటైన 2,500ను డిసెంబర్ నుంచి బ్యాంకులో ఆర్‌డీ కట్టండి. పాప ఇంటర్ అయిపోయే ఏడు జూలై దాకా 20 నెలలు, వడ్డీతో సుమారు 52 వేలు. రెండూ కలిపి లక్ష దాటింది. పోస్టాఫీసు ఆర్‌డీలో వేయమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి, అది ఐదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసేయనివ్వరు. మీకు డబ్బు కావాల్సింది 20 నెలలకే.

సీటు దగ్గర చేసే ఒక్క తప్పు ఈ ప్లాన్ మొత్తాన్ని కూల్చేస్తుంది. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో వెబ్ కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే. కాలేజీ నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకూ, స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. 'మా కాలేజీలో చేరండి, రీయింబర్స్‌మెంట్ మేమే చూసుకుంటాం' అని ఎవరు చెప్పినా నమ్మొద్దు. ర్యాంకు వచ్చిన రోజు నుంచి పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. ఆప్షన్లు మేం పెడతామని హాల్ టికెట్ నంబరు, ఓటీపీ అడుగుతారు. ఓటీపీ ఇస్తే వాళ్ల కాలేజీనే పైన పెట్టుకుంటారు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఆప్షన్లు ముందు కాగితం మీద రాసుకుని, వీలైనన్ని ఎక్కువ పెట్టించండి. అనంతపురం జేఎన్‌టీయూ, పులివెందులలోని దాని కాలేజీ, కర్నూలు, కడప చుట్టుపక్కలవి, ఇంటికి ఎంత దూరమో, హాస్టల్ ఎంతో పక్కనే రాసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెరిఫికేషన్ తర్వాత కాలేజీ దగ్గర ఉంచుకోకూడదన్నది సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నిబంధన. అడిగి తెచ్చుకోండి.

అమ్మాయి కాబట్టి ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్‌కు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయండి, ఏడాదికి 50 వేలు. రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోవచ్చా అన్నది దరఖాస్తుకు ముందే కాలేజీ నోడల్ అధికారిని అడగండి. అన్నీ తప్పితే విద్యా రుణం ఉంది. 4 లక్షల దాకా బ్యాంకు ఆస్తి తాకట్టు గానీ, ఖర్చులో మీ వాటా గానీ అడగదు, చదువు పూర్తయిన ఏడాదికి కంతులు మొదలవుతాయి.

బంగారం అమ్మకండి. ఎప్పుడైనా అత్యవసరమైతే బ్యాంకులో కుదువ పెట్టండి. 60 వేలకు రెండు రూపాయల చొప్పున నెలకు 1,200 వడ్డీ అయితే, బ్యాంకులో 80 పైసలు వేసుకున్నా 480. రెన్యూవల్ తేదీ మాత్రం క్యాలెండర్ మీద రాసుకోండి, అది మరిచినవాళ్లకే వేలం నోటీసులు వచ్చేది.

బాబు సంగతి మీరు అడగలేదు గానీ, వచ్చే ఏడు వాడు ఎనిమిదికి వస్తాడు. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్‌ఎంఎంఎస్ రాయించండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడి పిల్లలకే, ఆదాయం 3.5 లక్షల లోపు ఉండాలి, ఏడో తరగతిలో 55 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 50) మార్కులు రావాలి. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, నాలుగేళ్లకు 48 వేలు. నెగ్గిన పిల్లల్లో కూడా కొందరికి రెండో ఏడాది నుంచి ఆగిపోతుంది, ఎందుకంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యూవల్ చేయాలని ఇంట్లో ఎవరికీ తెలియదు. తొమ్మిదో తరగతి నుంచి ప్రతి ఏడూ పోర్టల్ తెరిచే రోజుల్లో స్కూల్లో గుర్తుచేసి, రెన్యూవల్ అయిన కాగితం ప్రింటు తీసుకుని, పాప ఫైలు పక్కనే వాడికీ ఒక ఫైలు పెట్టండి.