మేనమామ ఇచ్చిన పాత జీపీఎస్

ఈ వేసవిలో శ్రీకాకుళం వచ్చినప్పుడు మా ఎదురింటివారి అబ్బాయి ఒక అట్టపెట్టె పట్టుకొని వచ్చాడు. వచ్చే నెలలో ఎమ్మెస్ చదువుకని టెక్సాస్ వెళ్లబోతున్నాడు. పెట్టెలో ఉన్నది గార్మిన్ కంపెనీవారి నూవీ, అంటే కారు అద్దానికి అతికించుకొనే, దారి చూపే జీపీఎస్. వాళ్ల మేనమామ అమెరికా నుంచి తిరిగి వచ్చేసినప్పుడు తెచ్చి బీరువాలో పడేసినది. "బాబాయ్ గారూ, దీన్ని పట్టుకెళ్లమంటారా, బరువు దండగా?" అని అడిగాడు. చదువు ముగించుకొని వెళ్లిపోయే సీనియర్లు వదిలేసే పరుపు, రైస్ కుక్కర్లతో పాటు ఇలాంటిది ఒకటి కొత్తవారికి తరచుగా దొరుకుతుంది, ఇళ్ల ముందు పాత సామాను అమ్ముకొనే గరాజ్ సేల్‌లో అయితే కొద్ది డాలర్లకే వస్తుంది కనుక, ఆ రోజు అతనితో కలిసి దాన్ని పరీక్షించిన తీరు కాస్త వివరంగానే రాస్తున్నాను.

చేతిలో ఫోను ఉండగా ఇదెందుకని అడగడం న్యాయమే. ఊళ్లో తిరగడానికి ఇది అక్కరలేదు. అయితే జీపీఎస్ పెట్టెకు సిమ్ కార్డుతో గాని డేటాతో గాని పని లేదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, తన చోటు తానే లెక్క కట్టుకొని, లోపల దాచుకొన్న మ్యాపు మీద చూపిస్తుంది. పడమటి టెక్సాస్‌లోని బిగ్ బెండ్ వైపో, ఎల్లోస్టోన్ వైపో, అలాంటి జాతీయ పార్కులకు వెళ్లినప్పుడు ఫోనులో సిగ్నల్ గీత ఒక్కటీ లేని మైళ్లు చాలా వస్తాయి, అక్కడ దీని విలువ తెలుస్తుంది. ముందుగానే ఫోనులో ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకొనే అలవాటు ఉన్నవారికి ఆ విలువలో సగం పోయినట్టే.

మేము దాన్ని డాబా మీదికి తీసుకెళ్లి ఆన్ చేశాము. ఐదు నిమిషాలైనా ఉపగ్రహాలు దొరకకపోయేసరికి అబ్బాయి అది చచ్చిపోయిందన్నాడు. అది చావలేదు, తాను ఇంకా అమెరికాలోనే ఉన్నాననుకొంటోంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పెట్టెకు ఏ ఉపగ్రహం ఆకాశంలో ఏ మూల ఉందో తెలియదు. ఆ పట్టిక మొత్తం ఉపగ్రహాల నుంచే దిగాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. పావుగంటకు పైగా గడిచాక కారు బొమ్మ తెర మీదికి వచ్చింది. అందులో ఉన్నది ఉత్తర అమెరికా మ్యాపే కనుక నాగావళి లేదు, వంతెన లేదు, ఆ బొమ్మ ఖాళీ బయల్లో ఒంటరిగా నిలబడింది. కొనేటప్పుడు కూడా ఇంటి లోపల రెండు నిమిషాలు చూసి తీర్పు చెప్పవద్దు. ఆకాశం కనిపించే చోట పెట్టి, ఓపికగా ఉండండి.

చోటు దొరికింది కాని తేదీ మాత్రం పంతొమ్మిదిన్నర ఏళ్లు వెనక్కి చూపించింది. జీపీఎస్ తన వారాలను 1980 జనవరి 6 నుంచి లెక్కపెడుతుంది. పాత సంకేతంలో ఆ లెక్కకు 1,024 వారాల వరకే చోటుంది, నిండగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న మరోసారి జరిగింది. కొన్ని పెట్టెలు వాటి సాఫ్ట్‌వేర్ తయారైన కాలాన్నిబట్టి వేరే రోజున పొరబడతాయి. ఇందువల్ల సాధారణంగా దారి తప్పదు. కాని సాఫ్ట్‌వేర్ నవీకరించినా తేదీ సరికాకపోతే, ఆ మోడల్‌ను తయారీదారు వదిలేసి ఉంటాడని నేను అనుమానిస్తాను.

అసలు విలువంతా మ్యాపుదే. సెట్టింగ్స్‌లో మ్యాపు సమాచారం తెరిచి అది ఏ సంవత్సరానిదో చూడండి. మన రోడ్లనే తీసుకొంటే, మనం ఎన్‌హెచ్ 5 అని పిలిచే దారి 2010 నాటి మార్పుల తరువాత 16 అయింది, విజయనగరం నుంచి సాలూరు మీదుగా పోయే 43 కాస్తా 26 అయింది. పాత మ్యాపు నమ్ముకొన్నవాడికి బోర్డు మీద ఆ పాత అంకెలు కనిపించవు. అమెరికాలో కొత్తగా వేసిన ఎగ్జిట్, అంటే హైవే నుంచి దిగే దారి మీదికి ఎక్కితే మీరు పొలంలో నడుపుతున్నారని పెట్టె అనుకొని, వెనక్కి తిరగమని పోరు పెడుతుంది.

గార్మిన్‌లో మోడల్ పేరు చివర ఎల్ఎమ్ అని ఉంటే మ్యాపులు జీవితకాలం ఉచితమని, ఎల్ఎమ్‌టీ అని ఉంటే ట్రాఫిక్ సమాచారం కూడా కలిసిందని అర్థం. ఆ జీవితం మీది కాదు, పెట్టెది. గార్మిన్ ఎక్స్‌ప్రెస్ అనే ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్‌కు తగిలిస్తే కొత్త మ్యాపు వస్తుందో లేదో తేలిపోతుంది. పాత వాటిలో లోపలి మెమరీ చాలక ఎస్‌డీ కార్డు అడగడమూ ఉంది; అందులో అన్ని పరిమాణాల కార్డులూ పనిచేయవు. ఉచిత మ్యాపు రాకపోతే పాత పెట్టె కోసం డబ్బు పెట్టి మ్యాపు కొనవద్దు. అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి గార్మిన్‌కు సరిపడేలా తయారుచేసిన ఉచిత మ్యాపులు దొరుకుతాయి, కొంచెం చేయి తిరిగినవారికి అవి చాలు.

బ్యాటరీ సంగతి తేలిక. పాతబడ్డాక అది ఎలాగూ ఎక్కువసేపు నిలవదు, కారు కేబులుతో నడిచిపోతుంది. కాని వెనుక భాగం ఉబ్బి ఉన్నా, తెర అంచు పైకి లేచి ఉన్నా దాన్ని ముట్టుకోవద్దు, విమానంలోకి అసలే తీసుకెళ్లవద్దు. కేబులు పాతకాలపు మినీ యూఎస్‌బీది. కొన్ని మోడళ్లకు మామూలు డేటా కేబులు పెడితే దారి చూపడం మానేసి కంప్యూటర్ బొమ్మ చూపిస్తూ కూర్చుంటాయి కనుక, దాని కారు కేబులే సంపాదించండి. అద్దం మీద అతికించే చోటుకు కూడా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నియమం ఉంది. కాలిఫోర్నియాలో డ్రైవరుకు అవతలి వైపు కింది మూలలో ఏడంగుళాల చదరం, డ్రైవరు వైపు మూలలో ఐదంగుళాల చదరం మాత్రమే అనుమతిస్తారు.

అడ్రసు నింపేటప్పుడు మాత్రం పరాకు పనికిరాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగినవాడు ఆమదాలవలసలో ఉంటాడని మనకు తెలుసు, పరాయివాడికి తెలియదు. అక్కడ ఆ పరాయివాళ్లం మనమే. న్యూజెర్సీలో వాషింగ్టన్ టౌన్‌షిప్ అనే పేరుతో ఊళ్లు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. బెర్గెన్ కౌంటీలో ఉన్నదానికి గృహప్రవేశానికి బయలుదేరిన నేను, పెట్టె చూపిన జాబితాలో మొదటి పేరు నొక్కి, గంటకు పైగా దక్షిణంగా గ్లాస్టర్ కౌంటీ వైపు పోయాను. చేరేసరికి వ్రతం ముగిసి, పులిహోర అడుగంటింది.

చివరిగా, పాత యజమాని జ్ఞాపకాలు చెరిపేయాలి. అబ్బాయి "ఇంటికి పద" అన్న బొత్తాం నొక్కితే మేనమామ ఎన్నడో ఖాళీ చేసిన ఒహాయో ఇంటి అడ్రసు వచ్చింది. తెలియనివారి దగ్గర కొంటే, పిన్ నంబరు తాళం వేసి లేదని చూసుకొన్నాకే డబ్బు చేతిలో పెట్టండి.

అతని పెట్టె ఉబ్బలేదు, మోడల్ చివర ఎల్ఎమ్ ఉంది, పైగా ఊరికే వచ్చింది. తీసుకెళ్లమన్నాను, చేతి సంచిలో. పాత అడ్రసులన్నీ చెరిపాము. అద్దె ఇల్లు కుదిరాక, ఒప్పందం కాగితం మీది జిప్ కోడ్, అంటే అక్కడి పిన్‌కోడ్ చూసి మరీ కొత్తది నింపుకోమన్నాను.