వందేళ్ల ఇల్లు అమ్మకానికి పెట్టారా? ముందు 2001 విలువ తేల్చండి

ప్రశ్న: విశాఖ వన్‌టౌన్‌లో 1920ల నాటి మా తాతగారి మండువా ఇల్లు, 300 గజాలు. బర్మా టేకు స్తంభాలు, గానుగ సున్నం గోడలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. నాన్నగారి తర్వాత మేం ముగ్గురం హక్కుదారులం. చెల్లెలు అమెరికాలో ఉంటోంది. 1.80 కోట్లకు బేరం వచ్చింది. పన్ను ఎంత పడుతుంది?

జవాబు: తాతగారు ఎంతకు కట్టించారన్నది ఇప్పుడు అక్కర్లేదు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపొచ్చు. అయితే అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. వాల్యుయర్ టేకు స్తంభాలు చూసి పెద్ద అంకె వేసిస్తాడు, అది అసెస్‌మెంట్‌లో నిలవదు. సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆనాటి గజం రేటు తీసుకున్నాకే వాల్యుయర్ దగ్గరికి వెళ్లండి.

ఆ విలువ 24 లక్షలని తేలింది అనుకుందాం. ఒక్కొక్కరి వాటాకు అమ్మకం 60 లక్షలు, ఖర్చు 8 లక్షలు. లాభం 52 లక్షల మీద 12.5 శాతం అంటే 6.50 లక్షలు. ఇక్కడే ఉంటున్న మీ ఇద్దరికీ ఇంకో దారుంది: ధరల పెరుగుదలను లెక్కగట్టే ప్రభుత్వ సూచీ (2025-26కి 376)తో ఖర్చు 30.08 లక్షలవుతుంది, మిగిలిన 29.92 లక్షల మీద 20 శాతం అంటే 5.98 లక్షలు. ఏది తక్కువైతే అదే. చెల్లెలికి ఈ వెసులుబాటు లేదు. సెస్సు, వర్తిస్తే సర్‌ఛార్జి అదనం.

ఆమె వాటాతో ఇంకో చిక్కు. కొనేవాళ్లు లాభం మీద కాకుండా మొత్తం 60 లక్షల మీదా టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) పట్టేస్తారు. తక్కువ పట్టమనే సర్టిఫికెట్ కోసం ఆమె అగ్రిమెంటు అవగానే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసుకోవాలి, రిజిస్ట్రేషన్ దాకా ఆగితే డబ్బు రిఫండ్‌లో ఇరుక్కుంటుంది.

హుద్‌హుద్ తర్వాత పెంకులు మార్పించి ఉంటే అది మరమ్మతే, ఖర్చులో కలవదు. 2001 తర్వాత కొత్తగా గది వేయించి, బిల్లులుంటే కలుపుకోవచ్చు.

అమ్మిన రెండేళ్లలో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా అందులో పెట్టిన లాభం మేరకు పన్ను ఉండదు. లేదంటే ఆరు నెలల్లోగా మినహాయింపు బాండ్లలో 50 లక్షల దాకా పెట్టొచ్చు, ఐదేళ్లు కదపలేరు. మీ వాటా లాభానికి దాదాపు సరిపోతుంది కాబట్టి ఇల్లు అవసరం లేకపోతే నా ఓటు బాండ్లకే.

తలుపులు, స్తంభాలకు విడిగా నగదు ఇస్తామంటే ఒప్పుకోకండి, మొత్తం ధర దస్తావేజులోనే రాయించండి.