ఒకే డిప్రెషన్‌కు ఒక్కొక్కరికి ఒక్కో గోలీ ఎందుకు రాస్తారు?

మీకు డిప్రెషన్‌కని ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములతో పాటు పదిహేను రోజులకు క్లోనజెపామ్ రాశారు, మీ వదినకు మాత్రం మిర్టాజపిన్ ఇచ్చారు. ఎవరి జబ్బు పెద్దది, ఇవన్నీ నిద్రగోలీలేనా, జన్మంతా మింగాలా అని మీరు అడిగారు.

నేను డాక్టర్ని కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. నాలుగేళ్ల కింద మిర్చి సీజన్ మధ్యలో నా బుర్ర పనిచేయడం మానేసింది. ఒకే తక్‌పట్టీని, అంటే రైతుకిచ్చే లెక్క చీటీని, మూడుసార్లు కూడితే మూడు రకాల మొత్తాలు వచ్చేవి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ముద్ద గొంతు దిగదు. గుండెకేమో అయిందని ఈసీజీ తీయించుకున్నా, థైరాయిడ్ చూపించుకున్నా, అన్నీ నార్మల్. చివరికి హనుమకొండలో మానసిక వైద్యుడి దగ్గరికి పోయినప్పుడు, తెలిసినవాళ్లు చూస్తారని బండిని రెండు సందుల అవతల పెట్టి నడిచి వెళ్లాను.

గోలీ రకాన్ని బట్టి జబ్బు సైజు తెలియదు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, బరువెంత, షుగరో బీపీనో ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా ఏ మందు పడింది, ఇవన్నీ చూసి రాస్తారు. మీ వదినకు నిద్ర, ఆకలి రెండూ పోయి ఉంటే మిర్టాజపిన్ రాయడంలో ఆశ్చర్యం లేదు. అది రాత్రి వేసుకుంటే మత్తుగా నిద్ర పడుతుంది, ఆకలీ పెరుగుతుంది. ఇప్పటికే బరువు ఎక్కువున్నవాళ్లకు ఆ గుణమే దోషం.

మీ ఎస్సిటాలోప్రామ్ ఎస్ఎస్ఆర్ఐ అనే రకం. ఫ్లువోక్సెటిన్, సెర్ట్రలిన్ కూడా ఇదే కుటుంబం. మెదడులో ఒక నరకణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే పదార్థాల్లో సెరోటోనిన్ ఒకటి. కబురు అందించాక మొదటి కణం దాన్ని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఈ గోలీ ఆ లాక్కోవడాన్ని అడ్డుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే, దించిన బస్తాలను వెంటనే తిరిగి లారీ ఎక్కించే హమాలీలను కాసేపు ఆపినట్టు. వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్ లాంటి ఎస్ఎన్ఆర్ఐలు సెరోటోనిన్‌తో పాటు నారడ్రినలిన్ అనే ఇంకో కబురు పదార్థాన్ని లాక్కోవడాన్నీ అలాగే ఆపుతాయి. అందుకే డులోక్సెటిన్‌ను నరాల నొప్పులకు కూడా రాస్తారు.

ట్రైసైక్లిక్‌లు అనే పాతకాలపు డిప్రెషన్ మందుల సంగతి మా ఇంట్లోనే చూశాను. అవ్వకు షుగర్, అరికాళ్లలో మంట. డాక్టర్ ఆ రకంలోని అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశాడు. చీటీ చదివి, "అవ్వకు కూడా నా జబ్బే వచ్చిందా" అని పరేషాన్ అయ్యాను. తర్వాత తెలిసింది, నరాల నొప్పికి, మైగ్రేన్‌కు అంత చిన్న డోసు ఇస్తారని. డిప్రెషన్‌కైతే సాధారణంగా 75 నుంచి 150 దాకా పోతారు. నోరెండడం, మలబద్ధకం, మత్తు దీనితో ఎక్కువ. డోసు మించితే గుండెకు ప్రమాదం, అందుకే ఇప్పుడు డిప్రెషన్‌కు ముందు వరుసలో దీన్ని ఎంచుకోరు. వీటికన్నా పాతరకం ఇంకోటుంది, ఎంఏఓఐలు. 1950లలో టీబీ మందు వేసుకున్నవాళ్లలో హుషారు చూసి ఆ దారి పట్టారట! తిండి పథ్యం గట్టిగా ఉండాలి కాబట్టి మన దగ్గర వాటిని దాదాపు రాయరు.

ఇక నిద్రగోలీ సంగతి. మీ చీటీలో నిద్రగోలీ లాంటిది, అలవాటు పడే గుణం ఉన్నది క్లోనజెపామ్ ఒక్కటే. మొదటి రోజుల్లో ఎస్సిటాలోప్రామ్ వల్ల వికారం, తలనొప్పి, లోపల ఆగమాగం పెరగొచ్చు, అది సర్దుకునేదాకా ఊతకర్రలా దీన్ని ఇస్తారు. నాకు ఎస్సిటాలోప్రామ్ మొదటి వారం 5 మిల్లీగ్రాములే ఇచ్చారు. అయినా కడుపులో తిప్పింది, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గింది. అసలు గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరెనిమిది వారాలు పడుతుంది. సెరోటోనిన్ మీద పని మొదటి రోజే మొదలవుతుంది, మనసు తేరుకోవడం ఆలస్యం. ఎందుకంటే మెదడు నెమ్మదిగా కొత్త సర్దుబాటు చేసుకోవాలి. నా విషయంలో మొదటి గుర్తు ఏమంటే, ఇరవై రోజులకు ఒక పొద్దున టీలో చక్కెర తక్కువైందని మా ఆవిడతో గొడవపడ్డాను. అంతకుముందు నెలరోజులు ఏ రుచీ తెలియలేదు కదా!

తప్పు కూడా చేశాను. రెండున్నర నెలలకు బాగైపోయాననుకుని ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. మూడో రోజు పెళ్లికని కరీంనగర్ బస్సెక్కితే, హుజూరాబాద్ దాటేలోపు కళ్లు తిప్పినప్పుడల్లా తలలో చిన్న కరెంటు షాకు కొట్టినట్టు అయ్యేది. ఇది మత్తుమందు అలవాటు కాదు, మందు ఒక్కసారిగా తగ్గితే శరీరం పెట్టే గోల. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇది ఎక్కువ. ఫ్లువోక్సెటిన్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి తక్కువ. మళ్లీ మొదలుపెట్టి మొత్తం పదకొండు నెలలు వాడాను. తర్వాత డాక్టర్ చెప్పినట్టు సగం, పాతిక చేసుకుంటూ రెండు నెలల్లో ఆపాను. మొదటిసారి వచ్చినవాళ్లకు బాగయ్యాక మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగిస్తారు. పదేపదే తిరగబెట్టేవాళ్లకు ఎక్కువ కాలం.

మగవాళ్లు నోరు విప్పని మాట ఒకటి: ఎస్ఎస్ఆర్ఐలతో పడకగది కోరిక తగ్గొచ్చు. సిగ్గుపడి ఆపేయకుండా డాక్టర్‌కు చెప్పండి, డోసో మందో మార్చే వీలుంది. మీకెప్పుడైనా నిద్ర లేకుండా రోజుల తరబడి విపరీతమైన హుషారు, అడ్డగోలు ఖర్చు ఉండి ఉంటే అదీ చెప్పాలి. అది బైపోలార్, అంటే విపరీతమైన హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు, కావొచ్చు, దాంట్లో ఈ గోలీలు ఒక్కటే ఇస్తే ఎదురు తిరగొచ్చు. మీ వయసు రాయలేదు. 25 లోపైతే మొదటి వారాల్లో చచ్చిపోవాలనే ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్లను గమనించమనండి. అలాంటివి వస్తే ఏ వయసైనా ఆగకుండా డాక్టర్ దగ్గరికో దవాఖానకో పొండి. మానసిక సమస్యలకు సర్కారు పెట్టిన 14416 టెలిమానస్ నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి, నడుం నొప్పికని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ట్రమడాల్ లాంటివి అడిగి తెచ్చుకునే అలవాటు ఉందా? ఎస్సిటాలోప్రామ్‌తో మొదటిది కడుపులో రక్తస్రావం ముప్పు పెంచుతుంది, రెండోది సెరోటోనిన్‌ను హద్దు దాటించొచ్చు. నేను వాడే నొప్పి గోలీల పేర్లు చీటీ వెనక రాసుకుని పోయి డాక్టర్‌కు చూపించాను, మీరూ అలా చేయండి.