కలెక్షన్ ఏజెన్సీకి జవాబు రాసేటప్పుడు ఇంటి అడ్రస్ ఇవ్వాలా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో మీరు ఖాళీ చేసిన పాత అపార్ట్‌మెంట్‌కి కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసే సంస్థ) ఉత్తరం వచ్చింది, ఆ అప్పు మీది కాదు, జవాబులో ఇప్పుడున్న ఇంటి అడ్రస్ రాయాలా వద్దా?

రాయకండి. నేను రాశాను. దాన్ని సరిచేసుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది.

నాకూ అలాగే పాత రూమ్మేట్ ఫోన్ చేసి, నా పేరున కలెక్షన్ లెటర్ వచ్చిందని ఫోటో పంపాడు. ఏదో స్టోర్ కార్డు మీద 1,900 డాలర్ల బాకీ. ఆ స్టోర్‌లో నేనెప్పుడూ అడుగుపెట్టలేదు. కోపంతో రాత్రికి రాత్రే మూడు పేజీల ఉత్తరం రాశాను. పైన కొత్త ఇంటి అడ్రస్, కింద ఫోన్ నంబరు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు. నిజాయితీగా అన్నీ చెబితే వాళ్లకే అర్థమవుతుంది అనుకున్నాను.

రెండు నెలల తర్వాత అదే బాకీ నా క్రెడిట్ రిపోర్టులో కనబడింది. ఆ తర్వాత ఇంకో రెండు ఏజెన్సీల ఉత్తరాలు నేరుగా కొత్త ఇంటికే వచ్చాయి. నా పేరే ఉన్న మరో మనిషి అప్పులన్నీ నా గుమ్మం వెతుక్కుంటూ వచ్చేశాయి. ఒక శనివారం సాయంత్రం నేను ఇంట్లో లేనప్పుడు ఎవరో తలుపు తట్టి, పాపను ఎత్తుకుని నిలబడ్డ మా ఆవిడ చేతిలో కోర్టు సమన్లు పెట్టి వెళ్లాడు. ఆ రాత్రి ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "మనకు తెలియకుండా ఏమైనా అప్పు చేశారా?" ఆ ప్రశ్నను నేను ఇప్పటికీ మర్చిపోలేదు. గడువులోపల కోర్టులో జవాబు దాఖలు చేసి, సోషల్ సెక్యూరిటీ నంబరు కలవడం లేదని చూపించాక కేసు కొట్టేశారు. రిపోర్టు శుభ్రం కావడానికి ఇంకా నెలలు పట్టింది.

మన పేర్లతో ఈ ఇబ్బంది ఎక్కువ. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, బ్యాంకులో ఒకచోట, ఆసుపత్రి కంప్యూటర్లో ఇంకోచోట ఎక్కుతుంది. అసలు మనిషి దొరకనప్పుడు అదే పేరున్న ఇంకో మనిషి తనంతట తానే అడ్రస్ రాసి పంపితే, ఆ ఫైలు ఇక అతని వెంటే పడుతుందని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. పోస్టాఫీసులో పీఓ బాక్స్, అంటే నా ఉత్తరాలు వచ్చిపడే అద్దె పెట్టె, తీసుకున్నాను. ఏజెన్సీకి రాసే ప్రతి కాగితం మీదా అదే అడ్రస్. సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో (అందినట్టు తిరిగి వచ్చే రసీదుతో) పంపుతాను. చాలామంది ఇక్కడే దొరికిపోతారు. ఉత్తరం మీద బాక్స్ నంబరు రాసి, ఆ రసీదు కోసం కవరుకు అంటించే పచ్చ కార్డు మీద అలవాటుగా ఇంటి అడ్రస్ రాసేస్తారు. పర్సనల్ చెక్కు ఇంకా ప్రమాదం: పైన ఇంటి అడ్రస్, కింద బ్యాంకు ఖాతా నంబరు అచ్చయి ఉంటాయి. అప్పు నిజంగా మీదే అయి కట్టాల్సి వస్తే మనీ ఆర్డర్ కొని, పంపినవారి గడిలో బాక్స్ నంబరు రాయండి.

ఫోన్లో "రికార్డు కోసం మీ అడ్రస్ ఒకసారి కన్ఫర్మ్ చేస్తారా" అంటారు. అంత మర్యాదగా అడిగితే చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. ఉత్తరంలో మాట్లాడదాం అని పెట్టేయండి.

పోస్టాఫీసు మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. ఇల్లు మారినప్పుడు శాశ్వత అడ్రస్ మార్పు ఫారం నింపితే, మన పాత అడ్రస్ ముందే దగ్గరున్న కంపెనీలకు కొత్తది అందే ఏర్పాటు పోస్టల్ శాఖే చేసింది. తాత్కాలిక మార్పు పెడితే అలా ఇవ్వరు. ఈ తేడా ఆ ఫారం నింపేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

చట్టం కొంత మన వైపే ఉంది. 1977 నాటి ఫెయిర్ డెట్ కలెక్షన్ ప్రాక్టీసెస్ యాక్ట్ ప్రకారం కలెక్షన్ ఏజెన్సీలు పోస్టుకార్డు మీద రాయకూడదు, కవరు మీద అప్పు వసూలు సంగతి కనబడకూడదు. మీ ఆచూకీ కోసం పక్కింటివాళ్లను అడగవచ్చు కానీ, మీరు బాకీ ఉన్నారని వాళ్లకు చెప్పకూడదు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఇంటి అడ్రస్ దాచుకోవడం వేరు, అంతుచిక్కకుండా పోవడం వేరు. సమన్లు పాత ఇంటికి వెళ్లి మీకు తెలియకపోతే, మీరు లేకుండానే కోర్టు తీర్పు ఇచ్చేస్తుంది, తర్వాత జీతంలో కోత పడవచ్చు. కోర్టు కాగితాలు అందించడానికి నియమం ప్రకారం అడిగితే బాక్స్ ఎవరిదో పోస్టాఫీసు చెబుతుంది కూడా. అందుకే బాక్స్ తీసుకున్నాక వారానికి రెండుసార్లైనా తెరవండి. పోస్టల్ శాఖవారి ఇన్ఫార్మ్డ్ డెలివరీ సేవ పెట్టుకుంటే రాబోయే కవర్ల ఫోటోలు ఉదయమే ఈమెయిల్‌కి వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. పాత ఇంట్లో ఉన్నవాళ్లకు కూడా మీ పేరున ఏది వచ్చినా ఫోటో పంపమని చెప్పి ఉంచండి.

బాక్స్ ఇంకా చేతికి రాలేదని జవాబు ఆపకండి. వివాదం రాతపూర్వకంగా తెలపడానికి 30 రోజులే గడువు, ఆఖరి తేదీ ఏజెన్సీ పంపిన నోటీసులోనే ఉంటుంది. తేదీ దగ్గరపడితే, వాళ్లు ఉత్తరం పంపిన పాత అడ్రస్‌నే రాసి పంపండి. అది వాళ్ల దగ్గర ఎలాగూ ఉంది. ఉత్తరంలో నోటీసు మీదున్న రిఫరెన్స్ నంబరు, "ఈ అప్పు నాది కాదు, ఆధారాలు పంపండి" అన్న రెండు ముక్కలు చాలు. నాలా మూడు పేజీలు వద్దు.