రెండువైపులా బొమ్మే ఉన్న నాణెం: ముద్రణ పొరపాటేనా?

రెండువైపులా బొమ్మే ఉన్న నాణెం తన దగ్గరుందని, అది ముద్రణ పొరపాటేనా అని ఒకరు రాసి అడిగారు. రెండువైపులా బొమ్మే ఉండి బొరుసు లేదంటే, అది దాదాపుగా గారడీ కోసం చేసిన నాణెమే. ఒక నాణేన్ని గిన్నెలా లోపల తొలిచి, ఇంకోదాని అంచు తీసేసి పలచగా అరగదీసి అందులో బిగిస్తారు. టంకశాలలో ఇది జరగడం చాలా అరుదు, ఎందుకంటే చాలాచోట్ల బొమ్మ అచ్చూ బొరుసు అచ్చూ ఒకదాని చోట ఇంకోటి పట్టకుండా వేరే ఆకారంలో చేస్తారు.

"అంచంతా చూశాను, అతుకు లేదు" అని కూడా ఆయన రాశారు. అందరూ పొరబడేది అక్కడే! అతుకు బయటి అంచు మీద ఉండదు.

1. 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో గట్టు (అంచు వెంట చుట్టూ కాస్త ఎత్తుగా ఉండే భాగం) లోపలివైపు, అది నాణెం చదునుతో కలిసే మూలలో చూడండి. నాణేన్ని వాలుగా పట్టుకుని లైటు కింద నెమ్మదిగా తిప్పాలి, తొందరపడితే కనపడదు. వెంట్రుకలాంటి గీత గుండ్రంగా చుట్టూ ఉందా, ఇక అనుమానం లేదు.
2. రెండో వైపూ అలాగే చూడండి. గీత సాధారణంగా ఒకవైపే ఉంటుంది (చాలామంది ఒకవైపు చూసి సంబరపడిపోతారు).
3. గీత దొరక్కపోతే 0.01 గ్రాము వరకు చూపే త్రాసు మీద, అదే రకం మామూలు నాణెంతో బరువు పోల్చండి. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు.
4. వేలి కొన మీద నిలిపి పెన్నుతో తట్టండి. అతుకుంటే మోత మొద్దుగా వస్తుంది.

కత్తితో గుచ్చొద్దు, తోమొద్దు. ఇవన్నీ దాటితే అప్పుడు నాణేల నిపుణులకు చూపించండి.