కళ్లు మూసుకోమంటే గుండెదడ వస్తోంది, క్లాసులో ధ్యానం ఆపేయాలా?

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను. పరీక్షల భయం తగ్గుతుందని కొన్ని వారాలుగా మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు కళ్లు మూయించి ధ్యానం చేయిస్తున్నాను. కొందరికి నవ్వు ఆగదు, ఇద్దరు ముగ్గురు నిద్రపోతారు. ఒక అమ్మాయికి మాత్రం కళ్లు మూసుకోగానే గుండె దడదడలాడుతోందట, ఊపిరి ఆడనట్టు ఉంటోందట. తోటి టీచర్ ఒకరు వేగంగా గాలి పీల్చి వదిలే ప్రాణాయామం కూడా కలపమంటున్నారు. కొనసాగించమంటారా?

జవాబు: ఆపక్కర్లేదు మేడమ్, పద్ధతి మార్చండి చాలు.

ముందు ఆ అమ్మాయి సంగతి. ధ్యానం అందరికీ హాయిగానే ఉంటుందనుకుంటాం గానీ, కొందరికి టెన్షన్ తగ్గకపోగా పెరుగుతుంది. అప్పటిదాకా పట్టించుకోని గుండె చప్పుడు ఒక్కసారిగా తెలుస్తుంది, అమ్మో ఏదో అయిపోతోంది అనుకుంటారు, ఆ భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. యాక్సిడెంట్ చూసినవాళ్లు, దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, ఎవరిచేతనైనా వేధింపులు పడ్డ పిల్లలు అయితే నలుగురిలో కళ్లు మూసుకుని కూర్చోవడమే వాళ్లకు కష్టం. అందుకని 'ఏం కాదు, ఇంకాసేపు కూర్చో' అని బలవంతం చేయొద్దు. కళ్లు తెరిచే ఉండనివ్వండి, బల్ల మీద పెన్నునో కిటికీ బయట చెట్టునో చూస్తూ కూర్చోమనండి, అదీ వద్దంటే బొమ్మ వేసుకోనివ్వండి. ఎందుకలా అవుతోందని అందరి ముందూ అడగొద్దు, తర్వాత విడిగా పిలిచి మాట్లాడండి. మిగతా వేళల్లోనూ దడ వస్తున్నా, ఆటల్లో త్వరగా ఆయాసపడుతున్నా, ఎప్పుడైనా స్పృహ తప్పినా తల్లిదండ్రులకు చెప్పి డాక్టర్‌కి చూపించమనండి. రక్తహీనత, థైరాయిడ్, ఆస్తమా, గుండె లయలో తేడా లాంటివి లేవని తేలాకే దాన్ని ఆందోళన అనాలి.

ఇక మిగతా క్లాసు. పదమూడేళ్ల పిల్లల్ని పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి మనసు ఖాళీ చేసుకోమంటే నవ్వక ఏం చేస్తారు చెప్పండి! మూడు నిమిషాలు చాలు, అదీ మనసుతో కాదు, ఒంటితో మొదలుపెట్టండి. వందేళ్ల కిందట ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ డాక్టర్ తయారుచేసిన కండరాల రిలాక్సేషన్ పద్ధతి పిల్లలకు బాగా పట్టుబడుతుంది: రెండు పిడికిళ్లూ గట్టిగా బిగించి ఐదు లెక్కపెట్టి వదిలేయాలి, వదిలాక చేతులు ఎంత బరువుగా, వెచ్చగా అనిపిస్తున్నాయో కాసేపు గమనించాలి, తర్వాత భుజాలు చెవుల దాకా ఎత్తి వదలాలి, ఆ తర్వాత బూట్ల లోపల కాలివేళ్లు ముడిచి వదలాలి. చేయడానికి ఏదో ఒక పని ఉంటుంది కాబట్టి నవ్వులు వాటంతటవే తగ్గుతాయి. చివర్లో ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలమనండి, ఒక ఐదారు సార్లు. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లి దాని వేగాన్ని తగ్గించే వేగస్ నరం ప్రభావం పెరిగి గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ఊపిరి బిగబట్టించొద్దు.

వేగంగా శ్వాస తీసే పద్ధతులు మాత్రం క్లాసులో వద్దే వద్దు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, ఆ అమ్మాయిలాంటి వాళ్లకైతే మీరే దడ తెప్పించినట్టవుతుంది. ఇంకో సంగతి, పిల్లల్లో ఆబ్సెన్స్ మూర్ఛ అని ఒకటుంది, కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు, పిలిచినా పలకరు, చూసేవాళ్లు పరధ్యానం అనుకుంటారు. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో ఆ ఫిట్ బయటపడాలని మేం డాక్టర్లం కావాలనే వేగంగా శ్వాస తీయిస్తాం, అలాంటిది క్లాసులో ఎందుకు చేయించాలి?

నిద్రపోయేవాళ్లను తిట్టొద్దు. ఈ వయసులో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, కళ్లు మూయగానే నిద్ర పడుతోందంటే చాలామందికి అది సరిపోవడం లేదనే అర్థం, వాళ్లకు కావాల్సింది రాత్రి ఫోన్ పక్కన పెట్టడం.

దీంతో మార్కులు పెరుగుతాయని మాత్రం తల్లిదండ్రులకు చెప్పకండి. మార్కుల సంగతి అటుంచండి, బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 8 వేల మందికి పైగా పాల్గొన్న మైరియడ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. క్లాసు మొత్తానికీ మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాని మీదే మనసు నిలపడం) పాఠాలు చెప్పినా, స్కూళ్లు మామూలుగా చెప్పే భావోద్వేగ పాఠాల కంటే పిల్లల మానసిక ఆరోగ్యానికి అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు, పైగా ఎక్కువమంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. అందుకే నా మాట, ఇష్టమున్నవాళ్లే చేయాలి. అల్లరి చేసినందుకు శిక్షగా అస్సలు చేయించకూడదు, ఒకసారి అలా చేశారంటే ఇక ఎవరూ మనసుపెట్టి చేయరు.

పరీక్ష భయానికి ఇది కొంత పనికొస్తుంది, కానీ హాల్లో కూర్చున్నాక కొత్తగా నేర్చుకుంటే పనిచేయదు. ఇప్పటి నుంచే స్లిప్ టెస్టుల ముందు చేయించండి. అప్పుడు అసలు పరీక్షలో పేపర్ చేతికి రాగానే పక్కవాళ్లకు తెలియకుండా బల్ల కింద పిడికిలి బిగించి వదిలి, మెల్లగా రెండు మూడు శ్వాసలు తీసుకుని రాయడం మొదలుపెట్టగలుగుతారు.